ఊరేగింపు ముందు కొమ్ము ఉండాలి



ఉగాది ఊరేగింపు గురించి పోయిన ఆదివారం మీటింగులో ఒక మాట వచ్చింది. ఈసారి కొంబు ఊదేవాళ్లను పిలవక్కర్లేదు, అది అరవవాళ్ల వాద్యం, అమ్మన్ కోవిల్ కొడైలో ఊదేది, తెలుగువాళ్ల పండుగలో అదెందుకు, దాని బదులు బ్యాండు పెట్టుకుని వెనక బండిలో పెద్ద స్పీకర్లు కట్టిద్దాం అన్నారు. చాలామంది తలలూపారు. తీర్మానం ఇంకా రాయలేదు, వచ్చే మీటింగులో రాస్తారట. రాయకముందే మేము అనుకుంటున్నది మీ ముందు పెడదామని ఇది రాస్తున్నాం. కాస్త పొడుగవుతుంది. రిటైరైన రైల్వే గుమాస్తాకు టైముకు కొరత లేదు కదా, మీరే ఓపిక పట్టాలి.

మొదట ఆ "అరవవాళ్ల వాద్యం" అన్న మాట సంగతి చూద్దాం.

మనలో చాలామందిలాగే మేమూ బడిలో చదివింది అరవమే. అక్కడ అక్షరాలు నేర్పేటప్పుడు "కె" రాయాలంటే అక్షరానికి ముందు ఒట్రైక్కొంబు పెట్టాలి, "కే" రాయాలంటే ఇరట్టైక్కొంబు పెట్టాలి అని వాధ్యార్ చెప్పేవారు. ఆ రెండింటికీ తేడా తెలిసేలా గీతను మార్చింది వీరమామునివర్ అని కూడా చెప్పేవారు. ఇటలీ నుంచి వచ్చిన పాదిరి ఆయన. ఉద్యోగంలో చేరాక తెలుగు అక్షరాలు నేర్చుకుంటే అక్కడా కొమ్ము ఎదురైంది. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం. అరవంలో కొంబు "ఎ"కారానికి, తెలుగులో కొమ్ము "ఉ"కారానికి. ఒక వింత గమనించండి. అరవంలో కొంబు అనే మాట రాస్తే ముందే కొంబు వస్తుంది. తెలుగులో కొమ్ము అని రాస్తే చివర కొమ్ము వస్తుంది. ఒకే ఆవు, ఒకరు ముందు నుంచి చూశారు, ఒకరు వెనక నుంచి చూశారు అని మా ఇంట్లో నవ్వుకుంటాం.

మాటలో కూడా అంతే. అరవంలో కొంబు అంటే ఎద్దు కొమ్మూ అవుతుంది, చెట్టు కొమ్మా అవుతుంది. మనం దాన్ని కొమ్మ, కొమ్ము అని రెండు చేసుకున్నాం. తాళికి కట్టే పసుపు కొమ్ము కూడా అదే మాట. గర్వం చూపిస్తే "నీకేమైనా కొమ్ములొచ్చాయా" అంటాం, వాళ్లు "నువ్వేం పెద్ద కొంబనా" అంటారు. ముందు వచ్చిన చెవుల కన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి అనే సామెత రెండు భాషల్లోనూ ఉంది, మాటలే కొంచెం అటూ ఇటూ. కొమ్ములు తిరిగిన పండితుడు, కొమ్ము కాయడం, కుందేటి కొమ్ము, ఇవన్నీ మన నోట రోజూ నానేవే. ఓడిపోయి పరువు పోతే శృంగభంగం అంటాం. అది కూడా కొమ్ము విరగడమే.

ఇంకొకటి ఉంది, అది మనకు కొంచెం సిగ్గు తెప్పించేది. పనికిరాని మాటలు చెబుతుంటే "ఏంటీ సింగినాదం" అంటాం, "సింగినాదం జీలకర్ర" అని కొట్టిపారేస్తాం. సింగినాదం అంటే శృంగనాదం. శృంగం అంటే కొమ్ము. పెద్దలు చెప్పే కథ ఏమంటే, పూర్వం పడవల్లో జీలకర్ర తెచ్చే వర్తకులు రేవుకు వచ్చామని తెలియడానికి కొమ్ము ఊదేవారట. ఏదో పెద్ద సరుకు వచ్చిందని జనం పరుగెత్తి చూస్తే జీలకర్ర! కథ ఎంత నిజమో ఏమో గానీ, మాట మాత్రం నిలిచిపోయింది. కొమ్ము పిలిస్తే జనం పరుగెత్తి వచ్చేవాళ్లని ఆ కథలోనే ఉంది చూడండి. పిలుపుగా ఉన్నదాన్ని మనమే వెక్కిరింతగా మార్చుకున్నాం.

సరే, మాటలు ఉన్నంత మాత్రాన వాద్యం మనదవుతుందా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

కాటమరాజు కథ పేరు మన పెద్దవాళ్లలో కొందరైనా విని ఉంటారు. గొల్లల వీరగాథ అది. కరువొచ్చి కాటమరాజు మందలను తోలుకుని నెల్లూరు సీమకు వస్తాడు. నల్లసిద్ధిరాజు నేలమీద పశువులను మేపుకున్నందుకు కోడెదూడలను పుల్లరిగా ఇస్తానని ఒప్పందం. ఆ పుల్లరి దగ్గర తగువు వచ్చి యుద్ధమవుతుంది. భారతం రాసిన తిక్కన సోమయాజి బంధువు ఖడ్గతిక్కన చనిపోయింది ఆ యుద్ధంలోనే. మేత పన్ను గురించి ఇంత పెద్ద కథ! తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఈ కథలను సేకరించి పుస్తకాలుగా తెచ్చారు. ఇప్పుడు అసలు విషయం. ఈ కథను తరతరాలుగా గొల్లలకు పాడి వినిపించేవాళ్లను ఏమంటారో తెలుసా? కొమ్మువారు. కొమ్ము ఊదుతూ కథ చెబుతారు కాబట్టి ఆ పేరు. ఒక వాద్యం పేరే ఒక కులానికి, ఒక కథాసంప్రదాయానికి పేరయింది, అదీ తెలుగు సీమ నడిమధ్యన, ప్రకాశం, గుంటూరు, నెల్లూరు పల్లెల్లో. దీన్ని అరవవాళ్ల వాద్యం అని మనమెలా అంటాం?

అరవవాళ్లది కాదు అని కూడా మేము అనడం లేదు. సంఘకాలపు పాటల్లోనే వయిర్ అనే ఊదుకొమ్ము పేరు ఉందని బడిలో చదువుకున్నాం. కేరళలో పంచవాద్యం ఐదు వాద్యాల్లో కొంబు ఒకటి, తిమిల, మద్దళం, ఇడక్క, ఇలత్తాళం పక్కన అర్ధచంద్రం ఆకారంలో నిలబెట్టి ఊదుతారు. కర్ణాటకలో కొంబు కహళె అని జంటగా చెబుతారు, పెళ్లికీ దేవర మెరవణిగెకూ పిలుస్తారు. మన బెంగళూరు, బళ్లారి సభ్యులు చూసే ఉంటారు. ఇంతమంది ఊదేదాన్ని ఒకరికి రాసిచ్చేసి మనం చేతులు దులుపుకోవడం ఏం లెక్క?

ఊదడం ఎంత కష్టమో కూడా ఒకసారి చెప్పాలి. నాదస్వరానికి రంధ్రాలుంటాయి, వేళ్లతో మూసి తెరిచి స్వరం మారుస్తారు. కొమ్ముకు ఒక్క రంధ్రం లేదు. ఆదిలో నిజంగా పశువు కొమ్మే ఊదేవారు, ఇప్పుడు మన వైపు వాడేది ఇత్తడిది, ముక్కలుగా విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. ఒక విధంగా బిగిస్తే నెలవంకలా వస్తుంది, ముక్కను తిప్పి బిగిస్తే పాము మెలికలా వస్తుంది. పెదాలు బిగించి, బుగ్గలో గాలి పట్టి, ఎంత ఒత్తిడితో వదిలితే ఆ గొట్టం ఇచ్చే నాలుగైదు స్వరాల్లో ఒకటి పలుకుతుంది. అంతే, మిగతాదంతా ఊపిరి. పార్సెల్ ఆఫీసులో మేము పనిచేసిన రోజుల్లో పండుగ సీజన్లో మేళం వాళ్లు డోళ్లను బుక్ చేసేవాళ్లు గానీ కొమ్మును మాత్రం విప్పి గుడ్డ సంచిలో పెట్టుకుని ఒళ్లో ఉంచుకునే కూర్చునేవాళ్లు. నొక్కుపడితే స్వరం పోతుందని.

ఇంక మన ఊళ్లలో పశువుల కొమ్ముల సంగతి. మనం నాలుగైదు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నాం, ఒకరి పండుగ ఒకరికి తెలియదు అనుకుంటాం. ఇది చూడండి. ఆంధ్రలో జ్యేష్ఠ పున్నమి ఏరువాక, ఎడ్లను కడిగి కొమ్ములకు రంగులు వేసి అరక కడతారు. అదే రోజు కర్ణాటకలో కారహుణ్ణిమె, అక్కడా కొమ్ములకు రంగే. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్లు శ్రావణ అమావాస్యకు పోలా చేస్తారు, కొమ్ములకు రంగు, తొడుగులు, వీపు మీద జూలు. ఇక్కడ మనకు మాట్టు పొంగల్, అక్కడ కనుమ. తిథులు వేరు, కొమ్ముకు మర్యాద ఒక్కటే. చంద్రగిరి దగ్గర రంగంపేట పశువుల పండుగలో కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు, కుర్రాళ్లు అవి లాక్కోవాలి. హోసూరు, కృష్ణగిరి వైపు ఎరుదు విడుం విళాలో కూడా కొమ్ములకే కడతారు. జల్లికట్టు అనే మాటే కొమ్ములకు కట్టిన సల్లికాసుల మూట నుంచి వచ్చిందని అంటారు.

మా చిన్నప్పుడు కొమ్ముకు ఆముదం రాసి, కావి, పసుపు పూసి, కొసకు ఇత్తడి కుప్పెలు తొడిగేవాళ్లు. ఇప్పుడు ఇంటి తలుపులకు వేసే ఎనామిల్ పెయింటే. ఎన్నికల సంవత్సరమైతే మరీ తమాషా, ఎద్దు ఏ పార్టీదో కొమ్ము చూసి చెప్పొచ్చు. పాపం ఎద్దుకు ఓటు లేదు. తంజావూరు డెల్టా వైపు ఉంబళచ్చేరి ఎడ్లకైతే కొమ్ములే తీసేసే అలవాటు, అందుకే వాటిని మొట్టై మాడు అంటారు. అన్నిచోట్లా ఒకేలా ఉండదని ఇది కూడా చెప్పుకోవాలి.

గుడికి వెళ్తే ప్రదోషం నాడు మనం ఏం చేస్తాం? నంది కొమ్ముల మధ్యలోంచి శివుణ్ణి చూస్తాం. తంజావూరు పెద్ద గుడి ముందున్న పెద్ద నంది చోళుల కాలానిది కాదు, తర్వాత వచ్చిన నాయకుల కాలానిదని చరిత్రకారులు చెబుతారు. ఆ నాయకులు ఏ భాష మాట్లాడేవారో మన సంఘంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, ప్రతి ఉపన్యాసంలోనూ చెబుతూనే ఉంటాం.

ఒడిశా సభ్యుల కోసం ఒక మాట. పర్లాకిమిడి అంటే మనకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. వాడుక భాష కోసం, సవర భాష కోసం ఆయన పనిచేసింది అక్కడి నుంచే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు వెళ్లింది, ఊళ్లో తెలుగు మాత్రం పోలేదు. మా రైల్వే వాళ్లకైతే అది నౌపడా నుంచి వెళ్లే రెండున్నర అడుగుల చిన్న లైను. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వేశారు. 2004లో మూసి తర్వాత పెద్ద లైను చేశారు. ఆ ఊరి ఇంకో పేరు మనవాళ్లలో చాలామందికి తెలియదు. కొమ్ము పని. పశువు చచ్చాక మిగిలిన కొమ్మును నిప్పు సెగకు మెత్తబరిచి, వంచి, కోసి, అరంతో రాకి, మెరుగు పెట్టి, దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేస్తారు. రొయ్య మీసాలు కూడా కొమ్ముతోనే! రాజుల ఆదరణతో పెరిగిన పని అది. ఆవు, గేదె కొమ్ము లోపల ఎముక, పైన గోరులాంటి పొర, ఆ పొరే సెగకు వంగుతుంది. జింక కొమ్ము అలా కాదు, మొత్తం ఎముకే, ఏటా రాలిపోతుంది, దాన్ని అమ్మినా కొన్నా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎవరైనా "జింక కొమ్ము" అని బహుమతి తెస్తే దూరంగా ఉండండి.

అదే చట్టం వల్ల ఇంకో చోట కొమ్ము ఇప్పుడు ఆస్తిలా మారింది. భద్రాచలం, చింతూరు అడవుల్లో, మల్కనగిరి వైపు కొమ్ము కోయలు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, నెమలి ఈకలు పెట్టుకుని, పెద్ద డోలు మోసుకుంటూ ఆడతారు. కొత్త కొమ్ముల కోసం వేట కుదరదు. ఉన్నవాటినే జాగ్రత్తగా దాచుకుని తీయాలి. వాళ్లు దాచుకుంటున్నారు, మనం వద్దని తీర్మానం రాయబోతున్నాం.

ఇప్పుడు చెప్పడానికి ఇష్టం లేని మాట చెబుతాం. కొమ్మును మనం వద్దంటున్నది అది అరవమని కాదు. అరవమే కారణమైతే నాదస్వరం, తవిల్ కూడా వద్దనాలి కదా? వాటిని అడిగినవాళ్లు లేరు. పోయినేడు నాదస్వరం వాళ్లకు మండపంలో ఆకు వేసి వడ్డించారు. కొమ్ము ఊదిన ఇద్దరికీ, ఉరుమి వాయించిన ఆయనకూ బండ్లు నిలిపే షెడ్డు పక్కన పొట్లాలు ఇచ్చారు. అది చూసినవాళ్లు ఈ గుంపులోనే ఉన్నారు. కొమ్మువారు ఏ వాడలో ఉంటారో, ఇక్కడ కొంబు ఊదేవాళ్లు ఏ వీధి నుంచి వస్తారో అందరికీ తెలుసు. ఆ వీధి మనకు దూరం కాబట్టి ఆ వాద్యం కూడా "మనది కాదు" అయింది. భాష పేరు పెట్టి తోసేస్తే ఎవరూ నొచ్చుకోరు, మీటింగులో మర్యాదగా కూడా ఉంటుంది. మా మాట కటువుగా ఉంటే ఫోన్ చేసి తిట్టండి, గానీ కాదని చెప్పగలిగితే కాదని చెప్పండి.

శబ్దం ఎక్కువ అన్నవాళ్లకు జవాబు. అవును, ఎక్కువే. అది వినిపించడానికే పుట్టింది. గానీ ఒక ఊపిరి ఉన్నంతసేపే ఉంటుంది, తర్వాత మనిషి ఆగి గాలి పీల్చుకోవాలి. స్పీకర్ల బండికి ఊపిరి అక్కర్లేదు, జనరేటర్ ఉంటే చాలు. పర్మిషన్ కావాలి, రాత్రి 10 గంటలకు ఆపాలి, పక్క వీధిలో గుండె జబ్బు ఉన్నవాళ్ల ఇంటి కిటికీలు అదురుతాయి. ఖర్చు చూసినా, బండికి అడుగుతున్నదాంట్లో ఆరో వంతు కూడా ఆ ముగ్గురికీ కలిపి పోయినేడు ఇవ్వలేదు. పిల్లలకు బ్యాండు ఇష్టం అంటే బ్యాండు ఉండనివ్వండి, మేము అడ్డుచెప్పం. ముందు కొమ్ము నడవాలి, దాని వెనక ఏదైనా రానివ్వండి.

మేము అడిగేది ఇది. తీర్మానంలో కొమ్ము, ఉరుమి ఊరేగింపు ముందు ఉంటాయని రాయాలి. నాదస్వరం వాళ్లకు ఇచ్చే సంభావన వాళ్లకూ ఇవ్వాలి, భోజనం అదే పంక్తిలో. కరపత్రంలో మేళం వాళ్ల పేర్లు వేసేచోట వాళ్ల పేర్లు కూడా "గారు" అని వేయాలి. ఆదివారం తెలుగు క్లాసు పిల్లలకు "ఉ"కారం కొమ్ము నేర్పే రోజున ఆ పెద్దాయనను పిలిచి అసలు కొమ్ము చూపించి ఊదించాలి. పలక మీద గీసే మెలికకు ఆ పేరెందుకు వచ్చిందో పిల్లలకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. నేర్చుకుంటానని ఒక్క పిల్లవాడు ముందుకొచ్చినా, ఏ ఇంటి పిల్లవాడైనా సరే, ఏడాది ఫీజు సంఘం కట్టాలి. డబ్బు చాలకపోతే మా పింఛన్ నుంచి కొంత వేస్తాం, ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఒప్పుకున్నారు.

పెద్దాయనకు డెబ్బై దాటాయి. కొడుకు కొత్తనారు పనికి పోతున్నాడు, కొమ్ము అటక మీద ఉంది. మొన్న వెళ్లి, ఉగాదికి వస్తారా అయ్యా అని అడిగాం. మీరు ఖాయం చేసుకుని చెప్పండి, ఊదక చాలా రోజులైంది, పెదాలు పట్టుకు రావడానికి పది రోజులైనా పడుతుంది అన్నారు. కాబట్టి ఈ విషయం పండుగ వారం దాకా వాయిదా వెయ్యకుండా వచ్చే ఆదివారమే తేల్చాలని కమిటీని కోరుతున్నాం.